ముఖం లేని ఫోటోలు

నా ఫోన్‌లో ఉన్న ఫోటోలు చూసినవాళ్లు నవ్వుతరు. ఒక నడుము, ఒక మోచెయ్యి, జాకెట్టు వెనక హుక్కులు, చీర అంచుకు అంటిన మట్టి, తెగితే మళ్లీ కుట్టిన చెప్పు పట్టీ. ముఖం సరిగ్గా కనిపించే ఫోటోలు వెతికితే ఒక్కో సీన్‌కు మూడో నాలుగో దొరుకుతయి. అమ్మ వేషాలు, అక్క వేషాలు వేసే ఒక ఆర్టిస్టు ఒకసారి నా చేతిలో నుంచి ఫోన్ గుంజుకొని చూసి, ఇన్నేళ్లుగా నా బట్టలు చూస్తున్నావు, నా ముఖం ఒక్కటైనా సరిగ్గా తీయలేదేమిటని అడిగింది. మీ ముఖం తియ్యడానికి అంత పెద్ద కెమెరా పెట్టుకొని అంతమంది ఉన్నరు గదా అమ్మా, నాకు మీ వీపుతోనే పని అని చెప్పిన. ఆమె నవ్వింది. ఇప్పుడు నేను రాస్తున్నది ఆమె వీపు సంగతే.

నేను సినిమాల్లో బట్టల పని చేస్త. ఇస్త్రీతో మొదలుపెట్టిన, తర్వాత చీరలు కట్టడం, సర్దడం, భద్రం చెయ్యడం. ఫిల్మ్ నగర్ గుట్ట కింది బస్తీలో మా ఇల్లు. గుట్ట మీద జూబ్లీహిల్స్ బంగళాల్లో షూటింగులు. ఎక్కడం దిగడం తప్ప వేరే దూరం తెల్వదు నాకు.

సినిమా సంగతి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలె. తెర మీద ఒక మనిషి గుమ్మం దాటి బయటికి వస్తది. చూసేవాళ్లకు అది ఒక్క క్షణం. కానీ గుమ్మం లోపల తీసింది ఒక నెలలో, బయట తీసింది ఇంకో నెలలో అయి ఉండొచ్చు. లోపల ఉన్నప్పుడు కొంగు ఎడమ దిక్కు ఉండి, బయటికి రాంగనే కుడి దిక్కు ఉంటే థియేటర్లో పిల్లలు కూడ పట్టుకుంటరు. దాన్ని కంటిన్యూటీ అంటరు. అది తప్పితే మొదటి తిట్టు డైరెక్టర్‌కు కాదు, మాకు.

అందుకే నాకొక నియమం ఉన్నది. ఆర్టిస్టు బట్టలు విప్పక ముందే ఫోటోలు తియ్యాలె. ముందు, వెనక, రెండు పక్కలు, అంచు, పిన్నులు పెట్టిన ప్రతి చోటు. పొద్దంతా ఎండలో నిలబడ్డ మనిషి ఎప్పుడు చీర విప్పి నైటీ వేసుకుందామా అని చూస్తది. నేను బట్టలు మార్చుకునే వ్యాన్ మెట్టు దగ్గర అడ్డం నిలబడి, మేకప్ తుడుచుకోండి, చాయ్ తాగండి, పిన్ను మాత్రం తియ్యకండి అంట. వెనక నన్ను మొండిముసల్ది అంటరని తెలుసు. అననీ. మొండితనం లేకుంటే ఈ పనిలో ఉండలేం.

నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటినంక. అంతకు ముందు సీన్ల సంచులకు రంగు దారాలు కట్టి గుర్తుపెట్టుకునేదాన్ని. అంకెలు వచ్చు, బస్సు నంబర్లతో వచ్చినయి. అక్షరాలు మాత్రం మా కాస్ట్యూమ్ షాపు టైలర్ మాస్టర్ నేర్పిండు. నల్ల లైనింగ్ గుడ్డ పరిచి, గుడ్డలు కత్తిరించే ముందు గీతలు గీసే సుద్దతోనే రాసి చూపెట్టేటోడు. తప్పు రాస్తే అరచేత్తో తుడిచెయ్యి, గుడ్డ ఏమన్నదా అనేటోడు. అందరు మొదట తమ పేరు నేర్చుకుంటరంట. నేను మొదట 'సీన్' అని నేర్చుకున్న, సంచి మీద రాయాల్సింది అది గనుక. నా పేరు రాయడం ఆరునెల్ల తర్వాత వచ్చింది. ఇప్పుడు కూడ ఒత్తుల దగ్గర కొంచెం ఆగుత. ఆగితే ఏమైతది, ఎవరు తరుముతున్నరు.

అయితే ఒక గర్వం మాత్రం పోలేదు. రాయడం రానప్పుడు అంతా గుర్తే. ఎవరు ఏ గాజులు, ఏ రుమాలు, ఏ బొత్తం ఊడి ఉన్నది, అన్నీ తలలో పెట్టుకునేదాన్ని. నన్ను అడిగితే చాలు, ఇంక మాట లేదు అనేటోళ్లు. ఆ మాట నా చెవుల్లో ఇంక ఉన్నది.

ఫోన్ వచ్చినంక, బట్టల వివరాలు రాసుకునే పుస్తకం మానేసిన. ఒక్కో సినిమాకు ఒక ఫోల్డర్, దానిలో ఒక్కో సీన్‌కు ఒక ఫోల్డర్. మా బిడ్డ ఫోన్‌ను తెలుగులోకి మార్చి ఇచ్చింది. మా బిడ్డ శ్రీనగర్ కాలనీలో కండ్ల దవాఖానలో రిసెప్షన్ మీద కూర్చుంటది. డిగ్రీ చదివింది. నాతోనే ఉంటది.

ఒక ఆదివారం ఫోన్ మొరాయించింది. ఫోటో తియ్యబోతే జాగ లేదు అంటున్నది. బిడ్డ చూసి, ఇన్నేసి ఫోటోలు ఫోన్‌లోనే పెట్టుకుంటే ఎట్ల, రేపు ఆటోలో పడిపోతే, నీళ్లలో పడితే నీ పని మొత్తం పోతది, క్లౌడ్‌లో పెడదాం అన్నది. అది ఎక్కడ ఉంటదని అడిగిన. ఏదో కంపెనీవాళ్ల పెద్ద పెద్ద కంప్యూటర్లు, ఎక్కడో ఉంటయి, మనం ఏ ఫోన్‌లో తెరిచినా కనిపిస్తయి అని చెప్పింది. ఎవరో తెలియనోళ్ల ఇంట్లో మన సందూక పెట్టి తాళంచెవి మన దగ్గర పెట్టుకున్నట్టు గదా అన్న. గట్లనే అనుకో, జర ఫోన్ ఇయ్యి అన్నది.

ఇచ్చిన. ఇచ్చి, వంటింట్లో గోంగూర ముందల వేసుకొని కూర్చున్న. గదిలో నుంచి బిడ్డ చెప్తనే ఉన్నది. ఫోన్ తనంత తాను కెమెరా ఫోల్డర్ ఒక్కటే పంపుతదట. నేను చేసుకున్న సీన్ల ఫోల్డర్లు ఒక్కోటి తెరిచి, ఇది కూడ పంపు అని నొక్కాలట. ఇన్నాళ్లు ఒక్కటి కూడ పోలేదట. ఒక్కోటి నొక్కుకుంట పోయింది. సగం కాకముందే, అక్కడ కూడ జాగ చాలదని వచ్చింది. అప్పుడు ఫోనే ఒక ఉపాయం చెప్పింది. మీ దగ్గర ఒకేలా ఉన్న ఫోటోలు చాలా ఉన్నాయి, వాటిని తీసేస్తే జాగ వస్తుంది అని.

బిడ్డ గది నుంచి అడిగింది. "అమ్మా, ఒకే చీరవి ఇరవై ముప్పై ఉన్నయి. మంచిగ ఉన్నవి ఉంచి మిగతావి తీసెయ్యాల్నా?"

నేనన్న మాట ఉన్నదున్నట్టు రాస్త. దాచడానికి ఇది రాయడమెందుకు. "చదువుకున్నదానివి నీకు తెల్వదా, నన్నెందుకు అడుగుతవ్, నువ్వే చూడు" అన్న. గోంగూరలో పుల్లలు ఏరుకుంట అన్న.

మధ్యాహ్నం దాక కూర్చొని చేసింది. అన్నీ క్లౌడ్‌లోకి పోయినయి, ఇగ ఫికర్ లేదు అని నీలం రంగు టిక్ చూపించింది. మా ఇంట్లో ఒకరికొకరం థాంక్స్ చెప్పుకోం. పళ్లెంలో ఒక మటన్ ముక్క ఎక్కువ వేసిన.

ఆ తర్వాత చాలా రోజులు ఆ ఫోల్డర్లు తెరిచే పని పడలేదు. వేరే సినిమా, వేరే ఊరు. తిరిగి వచ్చినంక ఒక శనివారం సాయంత్రం అసిస్టెంట్ డైరెక్టర్ ఫోన్ చేసిండు. గడ్డం నెరుస్తున్నా ఇంకా అసిస్టెంటుగానే ఉన్న మనిషి, మర్యాదస్తుడు, నన్ను పెద్దమ్మా అంటడు. సోమవారం పొద్దున ఏడింటికి జూబ్లీహిల్స్ బంగళాలో షాట్ ఉన్నదని చెప్పిండు. ఆ సీన్ నాకు తెలుసు. అక్క తమ్ముని ఇంటికి వచ్చి, వంటింట్లో పని చేస్తుండగనే మాట పడి, గుమ్మంలో నిలబడి ఆఖరి మాట అని, వెనక్కి తిరిగి మెట్లు దిగి గేటు దాక పోవాలె. గుమ్మంలో మాట్లాడింది తీసినం. ఆఖరి మాట తీస్తుండంగనే జల్లు కొట్టి చీర కింద తడిసింది, తర్వాత వాన పెద్దగైంది. ఆమె మెట్లు దిగి పోయేది మిగిలిపోయింది. బంగళా ఓనరు మళ్లీ ఆ ఒక్కరోజే ఇస్తనన్నడు.

"ముందు నుంచి తీసిందంతా మా దగ్గర ఉంది. వెనక ఎట్లా ఉందో మేము తీయనే లేదు. మీ ఫోటోలే దిక్కు పెద్దమ్మా. ఉన్నాయి కదా?" అన్నడు.

"లేకుండ ఎట్ల ఉంటయి" అన్న.

ఫోన్ పెట్టి ఫోల్డర్ తెరిచిన. ముప్పై దాక ఉండాలె. నాలుగు ఉన్నయి. ఒకదాంట్లో ఆర్టిస్టు నవ్వుతున్నది. ఒకదాంట్లో చాయ్ గ్లాసు పట్టుకొని నవ్వుతున్నది. ఒకదాంట్లో నుదుటి మీది బొట్టు సరి చేసుకుంటున్నది. నాలుగోది కొంచెం దూరం నుంచి, బాగా వెలుతురులో, క్యాలెండర్ మీద వేసుకోవచ్చు. వీపు లేదు. నడుము లేదు. అంచు లేదు. పక్క సీన్ ఫోల్డర్ తెరిస్తే అదీ అంతే. ఫోన్ నిండ నవ్వుతున్న ముఖాలు. నా పని మొత్తం పోయి, ఎవరిదో పెండ్లి ఆల్బం మిగిలినట్టు ఉన్నది.

బిడ్డను పిలిచిన. ఆమె చూసింది, క్లౌడ్‌లో చూసింది, మళ్లీ ఫోన్‌లో చూసింది. ఇక్కడ తీసేస్తే అక్కడ కూడ పోతయి, రెండూ ఒక్కటే అని మెల్లగా చెప్పింది. తీసేసినవి చెత్తబుట్టలో కొన్ని దినాలు ఉంటయట. జాగ కావాలని ఆ చెత్తబుట్ట కూడ ఆ రోజే ఖాళీ చేసిందట. ముఖం తెల్లబోయింది.

అప్పుడు నేను మళ్లీ నోరు జారిన. "అక్షరం ముక్క రాని నాడు కూడ ఏది ముఖమో ఏది వీపో తెలిసేది నాకు. నీ డిగ్రీకి తెల్వకపాయె" అన్న.

బిడ్డ కోపంగ మాట్లాడదు. నెమ్మదిగ మాట్లాడితేనే నాకు భయం. "అడిగిన గదమ్మా. ఒక్కమాట చెప్తే ఒక్కటి కూడ ముట్టుకోకపోతుంటి" అన్నది. అని లోపలికి పోయింది. ఆమె అన్నదాంట్లో తప్పు పట్టడానికి వెతికిన, దొరకలేదు.

ఒకేలా ఉన్నయని ఫోన్ అన్నది. మా బిడ్డ అన్నది. ఎవరు చూసినా అంతే అంటరు. నాకు మాత్రం ఆ ముప్పై ముప్పై రకాలు. ఒకదాంట్లో కొంగు మడత ఒక వేలెడు పైన ఉంటది, ఇంకోదాంట్లో వానకు తడిసిన గీత కనిపిస్తది. ఆ వేలెడు తేడా కోసమే తీసిన ఫోటోలు అవి. పనికొచ్చేది ఆ తేడా. మంచిగున్నది కాదు. ఇది బయట ఎవరికి తెలుస్తది, నేను చెప్తే తప్ప.

ఆదివారం పొద్దున అసిస్టెంట్ డైరెక్టర్ మళ్లీ ఫోన్ చేసిండు. ఆ వీపు ఫోటో ఒకటి ముందే పంపితే డైరెక్టర్‌కు చూపిస్తనన్నడు. నేను ఇన్నేండ్లలో చాలామందికి నచ్చని నిజాలు చెప్పిన. ఆ పొద్దు నా నోట్లో నుంచి, "ఉన్నది, రేపు తెస్త" అని వచ్చింది.  ఈ మధ్య ఫ్యాషన్ చదువులు చదివిన పిల్లలు వస్తున్నరు, ట్యాబ్‌లు పట్టుకొని. నన్ను ఇంక పిలుస్తున్నరంటే ఆమెను అడిగితే ఉంటది అనే ఒక్క నమ్మకం మీదనే. అది పోతే నాకు ఇస్త్రీ పెట్టె మిగులుతది, అది మొయ్యడానికి ఇప్పుడు భుజం కూడ లేదు.

గల్లీ చివర కాస్ట్యూమ్ రూమ్ తాళంచెవి నా దగ్గరనే ఉంటది. పోయి ఆ చీర తీసిన. ఆకుపచ్చ నేతచీర, ఎర్రంచు. ఉతికి ఇస్త్రీ చేసి పెట్టి ఉన్నది, వాన గుర్తు ఎక్కడా లేదు. బిడ్డ నా వెనకనే వచ్చింది. నిలబడు అన్న. నిలబడింది. ఆర్టిస్టు అంత లావు లేకున్నా ఎత్తు సరిపోతది. డ్రెస్ మీదనే చీర కట్టిన. కొంగు భుజం మీద నుంచి వీపు మీదికి దించి, కుడి నడుము మీదుగ ముందుకు తెచ్చి దోపిన. ఎర్రంచు బయటికి కనపడేటట్టు, వీపు మీద ఏటవాలుగ ఒక గీత లాగ. వెనక్కి జరిగి చూసిన. ఇదే. ఇట్లనే ఉన్నది. ఒట్టు పెట్టమన్నా పెడుదును.

బిడ్డ అద్దంలో నన్ను చూసుకుంట అడిగింది. "నిజంగ గుర్తున్నదా అమ్మా, గుర్తున్నట్టు అనిపిస్తున్నదా?"

నాకు కోపం వచ్చింది. ఏం మాట అది, ముప్పై ఏండ్ల నుంచి ఈ తలతోనే బతుకుతున్న అన్న. ఆమె చీర విప్పడం మొదలుపెట్టింది. విప్పుకుంటనే, ఆ రోజు ఇంకెవరూ ఫోటో తియ్యలేదా అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు. ఎవరు తీస్తరో నాకు తెలుసు. తెలుసు గనుకనే చెప్పలేదు.

హెయిర్ డ్రెస్సర్. జుట్టు కూడ వెనక నుంచే చూసుకోవాలె గదా, ముడి, పూలు, పిన్నులు. ఆమె కూడ వీపు దిక్కు నిలబడే మనిషే. కోస్తా నుంచి వచ్చిన మనిషి, వెంగళరావు నగర్‌లో ఉంటది. మేమిద్దరం ఒకే వ్యాన్‌లో కూర్చొని ఐదునెల్ల నుంచి మాట్లాడుకోవడం లేదు. ఆమె ఆర్టిస్టుతో, "కొంచెం కొంగు జరపమని చెప్పండి" అంటది, నేను పక్కనే ఉన్నా సరే. నేనూ అంతే, "ముడి అయ్యిందేమో అడగండి" అంట. ఆర్టిస్టు మా మధ్య పోస్ట్‌మ్యాన్ లాగ మా మాటలు రెండు దిక్కులా మోస్తది. దీనికి కారణం నేనే. ఒక షాట్‌లో వాడిన పూలు ఉండాల్సింది, ఆమె తాజా మల్లెలు పెట్టింది. నేను చూసి, అందరి ముందర, "ఈ పూలు ఇయ్యాలటివి, సీన్ నిన్నటిది" అన్న. నిజమే అన్న. కానీ యూనిట్ మొత్తం వినేటట్టు అన్న. ఆమెకు చాలా తిట్లు పడ్డయి.

బిడ్డ నా ముఖం చూసి ఏం అర్థం చేసుకున్నదో, ఆటో బుక్ చేసింది. "నేను కూడ వస్త" అన్నది. వద్దన్న. చేసిన తప్పుకు సాక్షులు ఎందుకు.

ఆదివారం గనుక ఆమె చర్చికి పోయి వచ్చేదాక వాళ్ల ఇంటి గేటు దగ్గర నిలబడిన. తెల్లచీరలో, బైబిల్ సంచి చంకలో పెట్టుకొని వచ్చి నన్ను చూసి ఆగింది. పక్కన ఎవరూ లేరు, నాకు ఎవరితో చెప్పించాలో ఆమెకు అర్థం కాలేదు.

"ఏంటండీ, మీరేనా?" అన్నది చివరికి.

నాకు చుట్టు తిప్పి మాట్లాడడం రాదు. ఫోటోలు పోయినయి, రేపు షాట్, మీ ఫోన్‌లో ఆమె వెనక ఫోటో ఉన్నదేమో అని వచ్చిన అని నిలబడే చెప్పిన. ఆమె తాళం తీసుకుంట, "నా పూల సంగతి యూనిట్ మొత్తానికి చెప్పారు. మీ ఫోటోల సంగతి నేను ఎంతమందికి చెప్పొచ్చండీ?" అన్నది.

"ఎంతమందికైనా చెప్పు. ఆ పూల సంగతి నేనన్నది నిజమే. అన్న తీరు తప్పు" అన్న.

ఆమె తలుపు తీసి పట్టుకున్నది. "సారీ చెప్పేటప్పుడు కూడా నాదే రైటు అంటారు చూడండి" అన్నది. పెదవి చివర నవ్వు ఉన్నది. "రండి అక్కా, లోపలికి రండి. ఎండలో ఎంతసేపు నిలబడ్డారో ఏంటో."

ఆమె ఫోన్ చూస్తే నాకు తల తిరిగింది. ఫోల్డర్ లేదు, సీన్ లేదు, సినిమా లేదు. ముడుల పక్కన చేపల పులుసు, దాని పక్కన చర్చి ఫాదరు, దాని పక్కన సవరం, దాని పక్కన మనుమరాలు. నాకు సర్దడం రాదండీ, తీస్తాను, వదిలేస్తాను, తీసెయ్యాలంటే చెయ్యి రాదు అని చెప్పింది. నా ఫోన్‌లో ఫోల్డర్లు ఎంతో పద్ధతిగ ఉన్నయి, లోపల ఏమీ లేదు. ఆమె ఫోన్‌లో పద్ధతి అసలే లేదు, అన్నీ ఉన్నయి. వేలితో జరుపుకుంట జరుపుకుంట పోతనే ఉన్నది. నాకు ఆమె ఇచ్చిన మజ్జిగ అయిపోయింది.

దొరికింది. ఒకటే ఫోటో. ముడి, ముడి చుట్టు కనకాంబరాలు, మెడ, జాకెట్టు వెనక భాగం, వీపు మీద కొంగు. నడుము దగ్గర ఫోటో అయిపోయింది. ఆ నడుము దగ్గర, మూల మీద, ఒక చెయ్యి అడ్డం వచ్చి ఉన్నది. మణికట్టు దగ్గర ఇస్త్రీ పెట్టె కాలిన మచ్చ. నా చెయ్యే.

"ఆ రోజు మీ చెయ్యి అడ్డొచ్చిందని తిట్టుకున్నానక్కా. తీసేద్దామనుకొని మర్చిపోయా" అన్నది ఆమె.

నేను ఫోన్ కండ్లకు దగ్గర పెట్టుకొని చూసిన. తర్వాత దూరం పెట్టి చూసిన. ఎర్రంచు లేదు. వీపు మీద ఎక్కడా ఎర్ర గీత లేదు. అంచును లోపలికి మడిచి ఉన్నది, ఆకుపచ్చ ఒక్కటే కనిపిస్తున్నది. నడుము మీద ఎడమ దిక్కు ఆ మడత ఊడిపోకుండ ఒక పిన్ను పెట్టి ఉన్నది. పెడుతున్న చెయ్యి నాది. నేను పొద్దున ఒట్టు పెడుదునన్న దానికి పూర్తిగ వేరే.

ఎందుకు అట్ల మడిచిన్నో గుర్తు తెచ్చుకోవడానికి చూసిన. రాలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడ రాలేదు. నా చేతులు చేసిన పని నాకే కొత్తగా కనిపించింది. ఆమె ఆ ఫోటో నా ఫోన్‌కు పంపింది. పంపి, ఇంక ఎవరికీ చెప్పన్లే అని తనే అన్నది. నేను అడగలేదు.

సోమవారం పొద్దున ఆరింటికే ఆర్టిస్టుకు చీర కట్టిన. అంచు లోపలికి మడిచి, ఎడమ దిక్కు పిన్ను పెట్టిన. హెయిర్ డ్రెస్సర్ ముడి వేసుకుంట, "అక్కా, కొంచెం కొంగు జరుపుతారా" అని నేరుగ నన్నే అడిగింది. ఆర్టిస్టు మమ్మల్ని ఇద్దర్నీ అద్దంలో చూసి, హమ్మయ్య, నా ఉద్యోగం పోయింది అన్నది.

అసిస్టెంట్ డైరెక్టర్ వచ్చి ఫోటో అడిగిండు. చూపించిన. ఇదొక్కటేనా, ఇది నడుము దాకనే ఉంది కదా, మొత్తం మనిషి ఉన్నదేదన్నడు. అదీ ఉన్నది, కానీ ఫోన్ పని చేస్తలేదు అనొచ్చు. నమ్ముతడు కూడ.

"నిన్న మీకు అబద్ధం చెప్పిన. నా ఫోటోలు అన్నీ పోయినయి. ఇది హెయిర్ డ్రెస్సర్‌ది. నడుము దాక ఇది ఖాయం. కింద ఎంత తడిసి ఉన్నదో నాకు తెల్వదు" అన్న.

"గుర్తు కూడా లేదా పెద్దమ్మా? మీకు గుర్తుంటుంది కదా అన్నీ" అన్నడు.

"గుర్తున్నదని చెప్పగలుగుత. నిన్న పొద్దున పై సగం గురించి కూడ అట్లనే చెప్పిన. తప్పని తేలింది" అన్న.

ఆయన డైరెక్టర్ దగ్గరికి పోయిండు. ఇద్దరు చాలాసేపు మాట్లాడుకున్నరు. డైరెక్టర్ చెయ్యి ఊపుడు చూస్తే కోపంగనే ఉన్నడని తెలిసింది. ఆయనకు ఆ మనిషి మొత్తం, పాదాల దాక, అంత పెద్ద మెట్ల మీద చిన్నగ అయిపోతూ పోవడం కావాలె. చివరికి కెమెరా దగ్గరికి జరిపిన్రు. నడుము పైకి మాత్రమే తీసిన్రు. ముడి, మెడ, పచ్చటి వీపు, ఒక్కో మెట్టు దిగినప్పుడల్లా కిందికి జారే భుజం. రెండు టేకుల్లో ఓకే అన్నరు. ఆయన కోరుకున్న షాట్ కాదు అది. అది దొరకకపోవడానికి కారణం నేనే. ఆయన నా దిక్కు చూడలేదు. పని అయినంక అసిస్టెంట్ డైరెక్టర్ వచ్చి, వచ్చే షెడ్యూల్‌లో ఫోటోలు మీరు తీసిన రోజే నాకు కూడా పంపండి అన్నడు. వచ్చే షెడ్యూల్ అన్నడంటే, నేను ఉన్నట్టే. 

కానీ ఇంటికి వచ్చినంక మనసు ఊకోలేదు. పని పోయేదే అని కాదు. ఆ ఫోటో దొరకకపోయి ఉంటే నేను ఎర్రంచు బయటికి పెట్టి, ఇదే సరి అని రొమ్ము విరిచి నిలబడుదును. అందరు నమ్ముదురు. నేనూ నమ్ముదును. తప్పని ఈ లోకంలో ఎవరికీ తెలియకపోవును.

అప్పుడు ఒక మనిషి యాదికొచ్చింది. నాకు అక్షరాలు రాకముందు, నాతోపాటు ఇంకొకామె నగల పెట్టె చూసుకునేది. ఒక రోజు గాజుల దగ్గర తేడా వచ్చింది. డజను ఉండాలె అని నేను, ఎనిమిదే అని ఆమె. మేనేజర్ నన్నే అడిగిండు. డజనే, నా కండ్లతో చూసిన అని చెప్పిన. నేను చెప్తే ఇంక మాట లేదు. గాజులు మాయం చేసిందన్న పేరుతోని ఆమెను మళ్లీ ఎవరూ పనికి పిలవలేదు. పోయేటప్పుడు ఆమె నా ముందర ఆగి, నువ్వు అబద్ధం చెప్పవని నాకు తెలుసు, అందుకే నాకు ఏం చెయ్యాల్నో తెలుస్తలేదు అన్నది. అప్పుడు నాకు ఆ మాట అర్థం కాలేదు. దొంగలు అట్లనే మాట్లాడుతరు అనుకున్న. ఇన్నేండ్లు అట్లనే అనుకున్న. ఎర్రగడ్డ దిక్కు ఉండేది, ఇప్పుడు ఎక్కడున్నదో తెల్వదు.

బిడ్డకు ఈ సంగతి చెప్పిన. ఆమె ఫోన్ పట్టుకొని కూర్చొని ఉన్నది, నా ఫోల్డర్లు ఒక్కోటి తెరిచి, ఇకముందు ఒకేలా ఉన్నవి చూపించకుండ ఏదో మారుస్తున్నది. నా పని ఎట్ల ఉంటదో, వీపు ఫోటో ఎందుకో, తడి గీత ఎందుకో, ఆ రోజు గోంగూర ఏరుకుంట చెప్పాల్సిందంతా అప్పుడు కూర్చొని చెప్పిన. నా డిగ్రీ మాట గురించి కూడ చెప్పిన, అది అనొద్దుండె అని. ఆమె తల ఊపింది.

తర్వాత అడిగింది. "ఆ గాజులు డజను ఉండెనా అమ్మా, ఎనిమిదా?"

నేను ఆలోచించిన. కండ్లు మూసుకుంటే ఇప్పటికీ డజను గాజులే కనిపిస్తున్నయి, ఎర్రటివి, మధ్యల బంగారు చుక్కలతో, ఒక్కోటి లెక్కపెట్టగలను.

"తెల్వదు బిడ్డా" అన్న.